మధ్యధరా క్రూయిజ్: గైడ్ లేకుండా రేవుల్లో సొంతంగా తిరిగి, టైముకి ఓడెక్కడం ఎలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళందరికీ లోపల ఉన్న భయం ఒకటే. ఊళ్ళో తిరుగుతూ ఆలస్యమైతే ఓడ మనల్ని వదిలేసి వెళ్ళిపోతుందేమో అని. వెళ్ళిపోతుంది. ఓడవాళ్ళు అమ్మిన టూర్ బస్సు ఆలస్యమైతే వాళ్ళు ఆగుతారు, లేదా మనల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత తీసుకుంటారు. సొంతంగా వెళ్ళినవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. అందుకే ఈ పద్ధతి మొత్తం తిరుగు ప్రయాణం దగ్గర మొదలవుతుంది. ఏం చూడాలన్నది ఆ తర్వాతి మాట.

## 1. రేవు పేరు చూసి మోసపోకండి

కంపెనీ బ్రోషర్‌లో ‘రోమ్’ అని ఉంటుంది. ఓడ ఆగేది చివితావెక్కియాలో, అక్కడికీ రోమ్‌కీ సుమారు 70 కిలోమీటర్లు. ‘ఫ్లోరెన్స్’ అంటే లివోర్నో, లేదంటే లా స్పెజియా. ‘ఏథెన్స్’ అంటే పిరేయస్. 25,000 టన్నులు దాటిన ఓడలు వెనిస్ నడిబొడ్డున ఉన్న జుదెక్కా కాలువలోకి రాకుండా 2021 ఆగస్టు నుంచి నిషేధం ఉంది. కాబట్టి ‘వెనిస్’ అని ఉన్నా ఓడ రవెన్నాలోనో, త్రియెస్తేలోనో ఆగొచ్చు.

బుకింగ్ కాగానే ఒక కాగితం తీసుకుని, మీ రేవులన్నిటినీ మూడు రకాలుగా రాసుకోండి.

- దిగగానే ఊరు: మాల్టాలోని వాలెట్టా, నేపుల్స్, మాంటెనెగ్రోలోని కోటోర్. ఇక్కడ టూర్ కొనడం డబ్బు దండగ.
- రేవు ఒక చోట, ఊరు ఒక చోట: చివితావెక్కియా, లివోర్నో, పిరేయస్, టర్కీలోని కుషదాసి. కష్టమంతా వీటి దగ్గరే. ముందుగా చదువుకుంటే సులువే.
- టెండర్ రేవులు: ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న బోట్లలో ఒడ్డుకి తీసుకెళ్తారు. శాంటోరిని ఈ రకం. టూర్ కొన్నవాళ్ళని ముందు దింపుతారు, మిగతావాళ్ళకి నంబర్ల చీటీలు ఇస్తారు. గాలి ఎక్కువగా ఉంటే ఆ రేవు రద్దు కావచ్చు కూడా. అందుకని ఇలాంటి రోజున తెల్లారగానే టైముతో ముడిపడ్డ టికెట్ ఏదీ కొనకండి.

నా సలహా ఏమిటంటే, వారం రోజుల ప్రయాణంలో ఒక్క రేవులో ఓడవాళ్ళ టూర్ తీసుకోండి, మిగతావి సొంతంగా తిరగండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ ఒక్కటి ఎక్కువ దూరం ఉన్న రేవుకి పెట్టుకోండి. ఆ రోజు వాళ్ళకీ విశ్రాంతి, మీకూ విశ్రాంతి.

## 2. కాగితాలు: మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి

ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్, గ్రీస్, మాల్టా, క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉన్నాయి. క్రొయేషియా 2023 జనవరిలో చేరింది. టర్కీ, మాంటెనెగ్రో లేవు. మీ ఓడ నడుమ కుషదాసిలోనో కోటోర్‌లోనో ఆగితే, మీరు షెంగెన్ బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తున్నట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడ ఇరుక్కుంటారు. దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, క్రూయిజ్ రూట్ కాగితం జత చేయండి.

చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా ఉంటే భారతీయులు టర్కీకి ఈ-వీసా తీసుకోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కనుక ప్రయాణానికి నెల ముందు ఆ దేశపు అధికారిక సైట్‌లో మళ్ళీ ఒకసారి చూసుకోండి.

కొన్ని ఓడల్లో ఎక్కగానే పాస్‌పోర్టులు తీసుకుని వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు. కంగారు పడకండి. ఫోటో పేజీ, వీసా పేజీ జిరాక్స్ ఒకటి బ్యాగులో, ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. పేరు రాసిన టికెట్లు ఉన్నచోట గుర్తింపు అడుగుతారు.

## 3. టైముని వెనక నుంచి లెక్కపెట్టండి

ఓడ బయల్దేరే టైము మీకు అనవసరం. మీకు కావలసింది ‘ఆల్ అబోర్డ్’ టైము, అంటే అందరూ ఓడలో ఉండాల్సిన గడువు. మామూలుగా బయల్దేరడానికి అరగంట ముందు ఉంటుంది, కొన్నిసార్లు గంట ముందు. ఆ రోజు ఓడలో ఇచ్చే కార్యక్రమ పత్రంలో రాసి ఉంటుంది.

అక్కడి నుంచి వెనక్కి రండి:

1. ఆల్ అబోర్డ్ నుంచి ఒక గంట తీసేయండి. ఇది ముట్టుకోకూడని గంట.
2. స్టేషన్ నుంచి ఓడ దాకా పట్టే టైము తీసేయండి. షటిల్ బస్సు క్యూ కూడా లెక్కలోకే వస్తుంది.
3. రైలో బస్సో పట్టే టైము తీసేయండి.
4. ఇప్పుడు వచ్చిన టైముకి మీరు ఎక్కాల్సిన రైలు తెలుస్తుంది. దాని తర్వాత ఇంకో రైలు ఉందా? ఉండి, అది ఎక్కినా ఓడ అందుతుందంటేనే ఆ ప్లాన్ పనికొస్తుంది. లేకపోతే ఒక రైలు ముందుకి జరగండి.

ఇంకో సూత్రం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. దూరంగా ఉన్నది ముందు, దగ్గరిది చివర. పొద్దున్నే ఓడకి అన్నిటికంటే దూరమైన చోటికి వెళ్ళిపోయి, రోజంతా ఓడ వైపు జరుగుతూ రావాలి. మధ్యాహ్నం ఏదైనా ఆలస్యమైతే చివరిది వదిలేసి నేరుగా వచ్చేయొచ్చు.

గడియారం సంగతి కూడా ఇక్కడే. గ్రీస్ ఇటలీకంటే గంట ముందుంటుంది. కొన్ని ఓడలు రాత్రికి రాత్రి గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. ఫోన్ మాత్రం ఒడ్డు నెట్‌వర్క్ తగలగానే తనంతట తానే మారిపోతుంది. ఆ రోజు ఓడ టైము ఏదో రిసెప్షన్‌లో అడిగి, చేతి గడియారం ఒకటి ఆ టైముకి పెట్టుకుని దిగండి.

## 4. ఒక రోజు పూర్తిగా: చివితావెక్కియా నుంచి రోమ్

ఓడ ఉదయం 7కి వచ్చి, ఆల్ అబోర్డ్ సాయంత్రం 6:30 అనుకుందాం.

ఓడ నుంచి స్టేషన్. రేవు లోపల నడవనివ్వరు. ఉచిత షటిల్ బస్సు లార్గో దెల్లా పాచే అనే చోట దింపుతుంది. అక్కడి నుంచి స్టేషన్‌కి బస్సు దొరుకుతుంది, ఓపిక ఉంటే సముద్రం పక్కన నడిచి కూడా వెళ్ళొచ్చు. ఏడున్నరకి దిగితే ఎనిమిదిన్నర లోపు రైలెక్కేలా చూసుకోండి.

టికెట్. రీజినల్ రైలు టికెట్ ఒకవైపుకి సుమారు 5 యూరోలు. సీటు రిజర్వేషన్ ఉండదు. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫాం దగ్గర గోడకి ఉన్న చిన్న మిషన్‌లో ఒక చివర దూర్చి ముద్ర వేయించాలి. యాప్‌లో కొంటే ఎక్కేముందు చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ కొన్నాం కదా అని ఊరుకుంటే జరిమానా కట్టాల్సిందే. “తెలియదు” అన్న మాట అక్కడి టీసీ దగ్గర చెల్లదు.

ఎక్కడ దిగాలి? అందరూ రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినిలో దిగుతారు, మీరు దిగకండి. ఈ రైలు రోమ్‌లోకి వచ్చాక వరసగా సాన్ పియెత్రో, ట్రాస్తెవెరె, ఓస్తియెన్సె దాటి చివరికి టెర్మిని చేరుతుంది. సాన్ పియెత్రో నుంచి వాటికన్ పది పదిహేను నిమిషాల నడక. ఓస్తియెన్సె పక్కనే పిరమిడె మెట్రో స్టేషన్, అక్కడి నుంచి రెండో స్టాప్‌లో కొలోసియం ఎదురుగా దిగుతారు.

టెర్మిని గురించి నా అనుభవం చెప్తాను. మొదటిసారి అమ్మతో వెళ్ళినప్పుడు తిరుగు రైలు అక్కడే ఎక్కాలనుకున్నాం. బోర్డు మీద ప్లాట్‌ఫాం 27 అని పడింది. మిగతావి ఎదురుగానే వరసగా కనిపిస్తున్నాయి, ఇది మాత్రం కనిపించదు. 25 నుంచి పైన ఉన్నవి స్టేషన్‌కి ఒక పక్కన, చాలా లోపలికి, నడిచే కొద్దీ దూరం జరుగుతున్నట్టే ఉంటాయి. సికింద్రాబాద్‌లో ఒకటో ప్లాట్‌ఫాం నుంచి పదో ప్లాట్‌ఫాంకి పరుగెత్తినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సగం దూరం వచ్చాక ఆగి “నువ్వు వెళ్ళి రైలు ఆపరా” అంది. మేం చేరేసరికి తలుపులు మూసుకున్నాయి. తర్వాతి రైలు ఎక్కి ఓడ అందుకున్నాం, కానీ ఆ గంటసేపూ ఇద్దరం మాట్లాడుకోలేదు. పైన చెప్పిన ‘ఇంకో రైలు’ నియమం అక్కడే పుట్టింది.

ఆ రోజు వరస:

- 8:20–9:30: రైలు, ఓస్తియెన్సెలో దిగడం
- 10:30: కొలోసియం. టికెట్ మీద పేరు, టైము ఉంటాయి. ప్రవేశానికి గంట ముందు అక్కడికి చేరేలా టైము ఎంచుకోండి, ఓడ ఆలస్యంగా వచ్చినా సర్దుకోవచ్చు.
- 12:30: ఫోరం పక్క రోడ్డు మీదుగా నడక, వెనెత్సియా కూడలి, పాంథియన్ చుట్టుపక్కల భోజనం. పాంథియన్ లోపలికి 2023 నుంచి టికెట్ ఉంది.
- 2:30: నవోనా కూడలి, సాంతాంజెలో వంతెన దాటి వాటికన్ వైపు
- 3:15: సెయింట్ పీటర్స్ చౌకు. చర్చిలోపలికి భద్రతా తనిఖీ క్యూ ఉంటుంది. అది అరగంటకి మించేలా ఉంటే బయట నుంచే చూసి కదలండి.
- 4:15 ప్రాంతం: సాన్ పియెత్రోలో తిరుగు రైలు
- 5:30: ఓడలో

గమనించారా, ఉదయం దూరానికి వెళ్ళి, సాయంత్రానికి రేవు వైపున్న స్టేషన్‌కి వచ్చేశాం. వాటికన్ మ్యూజియం ఇందులో లేదు. ఒక్క రోజులో కొలోసియం, మ్యూజియం రెండూ పెట్టుకుంటే రెండిటినీ పరుగెత్తుతూ చూస్తారు. ఏదో ఒకటి ఎంచుకోండి.

చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప ఆదివారాలు మూసి ఉంటుంది. పోప్ సాధారణంగా బుధవారం ఉదయం దర్శనమిస్తారు, ఆ పూట చౌకు జనంతో నిండిపోతుంది. చర్చిలోకి వెళ్ళాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. మన చున్నీ ఒకటి బ్యాగులో ఉంటే చాలు.

## 5. మిగతా రేవులు, క్లుప్తంగా

నేపుల్స్. ఓడ దిగి రోడ్డు దాటితే మునిచిపియో మెట్రో స్టేషన్. అక్కడి నుంచి గరిబాల్ది వెళ్ళి, కింది అంతస్తులో చిర్కుమ్‌వెసువియానా రైలు, సొరెంటో వైపు వెళ్ళేది ఎక్కండి. ప్రాచీన నగరం పొంపేయి శిథిలాలకి వెళ్ళే పొంపేయి స్కావి స్టేషన్ దాకా ముప్పావుగంట లోపే, శిథిలాల గేటు ఎదురుగానే. ఈ రైలు కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగలకి పేరుమోసింది. బ్యాగు ముందుకి వేసుకోండి. పొంపేయిలోకి 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందినే పంపుతున్నారు, టికెట్ మీద పేరుంటుంది, కాబట్టి ముందే కొనాలి. ఎండ భరించలేనివాళ్ళు అదే లైనులో ముందుగా వచ్చే ఎర్కొలానోలో దిగండి. అక్కడి శిథిలాలు చిన్నవి, రెండు గంటల్లో అయిపోతాయి. నన్నడిగితే పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదే మేలు.

కాప్రి దీవికి ఇక్కడి నుంచే బోట్లున్నాయి. కానీ సముద్రం పోటు మీద ఉంటే బోట్లు ఆపేస్తారు, మీరు దీవిలో, ఓడ రేవులో. గాలి ఉన్న రోజు వద్దు.

లివోర్నో. రేవు బస్సు ఊరి మధ్యలో దింపుతుంది, అక్కడి నుంచి ఇంకో బస్సు లివోర్నో చెంత్రాలె స్టేషన్‌కి. పీసా పావుగంట ఇరవై నిమిషాలు, ఫ్లోరెన్స్ సుమారు గంటన్నర. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దని ఎంత చెప్పినా వినరు. ఒకటి ఎంచుకోండి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజి, అకాడెమియా మ్యూజియాలు సోమవారం మూసేస్తారు, మీ ఓడ ఏ రోజు అక్కడ ఉంటుందో చూసుకోండి.

పిరేయస్. 2022లో మెట్రో మూడో లైను ఇక్కడిదాకా వచ్చింది. దిమొటికో థియాట్రో స్టేషన్‌లో ఎక్కి, సింటాగ్మాలో రెండో లైనుకి మారితే తర్వాతి స్టాపే అక్రోపోలి. అక్రోపోలిస్ కొండ మీదికి టైము వేసిన టికెట్ ఉండాలి, పొద్దుటి గంటలే తీసుకోండి. పైన నీడ లేదు, పాలరాయి నున్నగా జారుతుంది, చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు కావాలి.

శాంటోరిని. టెండర్ దింపే చోటు కొండ అడుగున. పైకి కేబుల్ కారు, లేదా దాదాపు 600 మెట్లు. గాడిదలూ ఉన్నాయి, వాటి పరిస్థితి చూస్తే ఎక్కబుద్ధి కాదు. పైన ఫిరా నుంచి ఇయాకి లోకల్ బస్సు. అసలు చిక్కు కిందికి వచ్చేటప్పుడే. ఆ రోజు నాలుగు ఓడలుంటే సాయంత్రం కేబుల్ కారు క్యూ గంట దాటుతుంది. చివరి టెండర్‌కి రెండు గంటల ముందే క్యూ దగ్గరికి చేరండి, లేకపోతే మెట్లు దిగడానికి మనసు సిద్ధం చేసుకోండి. గ్రీస్ 2025 నుంచి క్రూయిజ్ ప్రయాణికుల మీద రుసుము వేస్తోంది, శాంటోరిని, మికోనోస్‌లలో వేసవి రద్దీ నెలల్లో అది 20 యూరోలు. ఓడ బిల్లులో కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

కుషదాసి. ఇక్కడ చూడాల్సిన ప్రాచీన నగరం ఎఫెసస్ సుమారు 20 కిలోమీటర్లు. సెల్చుక్ వెళ్ళే దోల్ముష్ అనే చిన్న బస్సులున్నాయి, మన షేర్ ఆటో పద్ధతే, నిండితే కదులుతాయి. నలుగురుంటే టాక్సీ మాట్లాడుకుని పై గేటు దగ్గర దిగండి. దారి పల్లానికి ఉంటుంది, కింది గేటు నుంచి బయటికి రావచ్చు. కింది గేటు దగ్గర మొదలుపెడితే ఎండలో ఎక్కి మళ్ళీ దిగాలి.

వాలెట్టా. ప్లాన్ అక్కర్లేదు. రేవు నుంచి కొంచెం నడిస్తే బరాక్కా లిఫ్ట్, 58 మీటర్లు పైకి లేపి నేరుగా తోటలో దింపుతుంది.

దుబ్రోవ్నిక్. రేవు ఉన్న గ్రూజ్ నుంచి పాత కోట 3 కిలోమీటర్లు. సిటీ బస్సు ఎక్కి పిలె గేటు దగ్గర దిగాలి.

## 6. ఫోన్, డబ్బు, తిండి

ఫోన్. ఓడ ఎక్కిన క్షణం నుంచి ఎయిర్‌ప్లేన్ మోడ్. సముద్రంలో ఓడ సొంత నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఒడ్డున వాడటానికి యూరప్ ఈ-సిమ్ కొనుక్కోండి, అందులో టర్కీ, మాంటెనెగ్రో ఉన్నాయో లేదో చదవండి. కొన్నిటిలో ఉండవు. ప్రతి ఊరి మ్యాపునీ ఇంటి దగ్గర వైఫైలోనే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి.

డబ్బు. కార్డు తాకిస్తే చాలాచోట్ల పని జరిగిపోతుంది. మనిషికి 40, 50 యూరోల చిల్లర ఉంచుకోండి. కార్డు మిషన్ ‘రూపాయల్లో తీసుకోమంటారా’ అని అడిగితే వద్దని యూరోలే నొక్కండి, రూపాయల రేటులో నష్టం మనకే.

తిండి. శాకాహారులకి ఇటలీలో ఇబ్బంది లేదు. పిజ్జా మరినారాలో చీజ్ కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి అంతే. పర్మెజాన్ చీజ్ తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోని రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినండి. గ్రీస్‌లో స్పనకోపిత అనే పాలకూర పఫ్, గిగాంటెస్ అనే పెద్ద చిక్కుడుగింజల కూర దొరుకుతాయి. మన దగ్గర నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు. పాలకోవా, నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయండి. కారప్పొడి డబ్బా మాత్రం మరిచిపోకండి.

ఇటలీలో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. బాత్‌రూమ్ కావాలంటే ఒక ఎస్ప్రెసో కొనుక్కోండి, తాళంచెవి వాళ్ళే ఇస్తారు. రోమ్ వీధుల్లో పారే కుళాయిల నీళ్ళు తాగొచ్చు, ఖాళీ బాటిల్ పట్టుకెళ్ళండి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

రైళ్ళ సమ్మె. ఇటలీలో తరచూ జరుగుతుంది, ముందే ప్రకటిస్తారు. ‘షోపెరో’ అన్న మాట కనిపిస్తే అదే. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్ళు నడపడం వాళ్ళకి తప్పనిసరి. పొద్దున వెళ్ళడం కుదురుతుంది కానీ సాయంత్రం ఆరు తర్వాత రైలు మనకి అందదు. ఆ రోజు రోమ్ వదిలేసి ఊళ్ళోనే తిరగండి, లేదా ఓడవాళ్ళ బస్సు కొనండి.

రేవు దగ్గర టాక్సీవాళ్ళ మాటలు. “ఈ రోజు రైళ్ళు లేవు” అంటారు. స్టేషన్‌కి వెళ్ళి బోర్డు చూసి నమ్మండి. టాక్సీ తీసుకుంటే రానూపోనూ మొత్తం రేటు, ఎంతసేపు ఆగుతాడు, మనిషికా బండికా, మూడూ ఎక్కేముందే కాగితం మీద రాయించండి.

అందరూ చెరో దారి పట్టడం. పెద్ద గుంపుగా వెళ్తే ఇద్దరు తప్పిపోతారు. విడిపోయినవాళ్ళు వెతుక్కోకూడదు, నేరుగా తిరుగు స్టేషన్‌కే రావాలి. ఈ ఒప్పందం పొద్దున్నే చేసుకోండి.

ఓడ నిజంగానే తప్పిపోతే. పరుగులు ఆపి ఫోన్ తీయండి. రోజూ ఇచ్చే పత్రంలో ఆ రేవు ఏజెంటు నంబరు ఉంటుంది, అతనికి చేయండి. మీరు రాలేదని తెలిసినప్పుడు సిబ్బంది మీ గదిలోంచి పాస్‌పోర్టు తీసి ఏజెంటుకి ఇచ్చి వెళ్ళడం కూడా జరుగుతుంటుంది. తర్వాతి రేవుకి ఎలా వెళ్ళాలో అతను చెప్తాడు, ఖర్చు మీదే. తర్వాతి రేవు ఇంకో దేశమైతే వీసా చూసుకుని కదలండి. బీమా కొనేటప్పుడే ఇలాంటివి వర్తిస్తాయా అని చదవడం మంచిది.

## 8. ముందు రాత్రి చెక్‌లిస్టు

- ఆల్ అబోర్డ్ టైము అందరి ఫోన్లలో అలారం, దానికి రెండు గంటల ముందు ఇంకో అలారం
- ఓడ టైముకి పెట్టిన చేతి గడియారం
- రేవు ఏజెంటు నంబరు ఉన్న పత్రం ఫోటో
- గది కార్డు, పాస్‌పోర్టు జిరాక్స్, పేర్లున్న టికెట్లు
- తిరుగు రైళ్ళు మూడు, కాగితం మీద, ప్లాట్‌ఫాం ఎంత దూరమో పక్కన రాసుకుని
- మందులు రెండు రోజులకి సరిపడా, గదిలో కాదు, వెంట తీసుకెళ్ళే బ్యాగులో
- పవర్ బ్యాంకు, నీళ్ళ బాటిల్, టోపీ, చున్నీ
- ఆలస్యమైతే ముందుగా ఏది వదిలేయాలో ఇంట్లో అందరూ ఒప్పుకున్న ఒక పేరు